ముక్కు మీది పచ్చసొన

కళ్ళు మసకబారాక దర్జీకి సూదిలో దారం ఎక్కించడమే గగనమైపోయింది. దారం ఎక్కించలేని దర్జీ గడప ఎవరు తొక్కుతారు? కుట్టుమిషను అమ్మేసి, తమ్ముడి బేకరీ వెనక సామాన్ల గదిలో చేరాడు. మైదా బస్తాల పక్కన మంచం, తలుపు తీస్తే కోళ్ళ గూడు. పెట్టే తిండికి బదులు కోళ్ళను చూసుకోవాలి. గుడ్లన్నీ బేకరీకే.

ఆ కోళ్ళలో బొచ్చుకాళ్ళ పెట్ట అతని ప్రాణం. పిల్లగా ఉన్నప్పుడు చలికి వణుకుతుంటే చొక్కా జేబులో పెట్టుకుని పెంచాడు. ఇంత పెద్దదయ్యాక కూడా ఆ జేబులోకి తొంగిచూస్తుంది, అద్దెకున్న ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళలాగా.

ఒకసారి పెంకు గట్టిపడని గుడ్డు అతని చేతిలోనే చితికింది. పారబొయ్యడానికి మనసొప్పక, అరచెయ్యి ఆ పెట్ట ముందుకే చాపాడు. అంతే. అప్పటినుంచి గూట్లో తడిసిన గడ్డి, పెంకుముక్కలు.

"బావగారూ, కోళ్ళకి మీరు కాపలానా, మీకు కోళ్ళు కాపలానా?" మరదలు ఖాళీ బుట్ట ఊపింది.

"కాస్త ఓపిక పట్టమ్మా, మాన్పిస్తాను."

"రుచి మరిగింది మానుతుందా? ఏ ముక్కుకి సొన కనబడితే దాన్ని ఆ పూటే కోయించేస్తా."

పిండి పిసుకుతున్న తమ్ముడు తలూపాడు.

దర్జీ గూట్లో చెక్కగుడ్డు పెట్టాడు, పొడిస్తే ముక్కు నొప్పెట్టి బుద్ధొస్తుందని. పెట్ట దాన్ని తలుపు తట్టినట్టు తట్టి, పక్కనున్న అసలు గుడ్డు దగ్గరికి వెళ్ళింది. చీకట్లో గుడ్డు కనబడదుగదా అని, తడుముకుంటూ నల్లగుడ్డతో తెర కుట్టి కట్టాడు.

"తెర కట్టారు సరే, నాటకమెప్పుడు?" అంది మరదలు.

పెట్టకి చూపుతో పనిలేకపోయింది. వెచ్చదనం ఎక్కడుందో దాని ఒంటికి తెలుసు.

ఇక మిగిలింది ఒక్కటే. ఇల్లు లేవకముందే లేచి, చొక్కా చేతితో దాని ముక్కు తుడిచేవాడు. మరదలు వచ్చి ఒక్కొక్క కోడి మెడా పట్టుకుని చూసేది. అన్నీ కడిగిన ముత్యాలే.

ఒక ఉదయం టీ గ్లాసు అందుకోబోతుంటే మరదలు అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. అంచున పసుపుపచ్చ మరక, ఆరీ ఆరకుండా.

"ఓహో, పిల్లి ఇంట్లోనే ఉందన్నమాట!"

తమ్ముడు బన్నుల ట్రే వైపు చూస్తూ మెల్లగా అన్నాడు: "ఆకలైతే అడగొచ్చుగా అన్నయ్యా."

నిజం గొంతుదాకా వచ్చింది. దాని వెనకే కత్తి కనబడింది.

"నేనే తాగాను," అన్నాడు దర్జీ. "పచ్చివే."

గూటికి తాళం పడింది. మర్నాడు మరదలే తలుపు తీసింది. ముక్కునిండా సొనతో పెట్ట తలెత్తింది, తుడిచే చెయ్యి వచ్చిందనుకుని.

మధ్యాహ్నం పళ్ళెంలో కూర వడ్డిస్తూ మరదలు నవ్వింది. "తినండి బావగారూ, రెండో దొంగ కూడా దొరికింది. అయినా దానికి ఆ రుచి నేర్పిందెవరో!"

దర్జీ తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు ఎముక చప్పరిస్తున్నాడు.

నేర్పింది ఎవరో దర్జీకి తెలుసు. పళ్ళెం ముందుంచుకుని, అరచెయ్యి బోర్లించి కూర్చున్నాడు. పెరట్లో గూటికి మళ్ళీ వేసిన తాళం అలాగే ఉంది. దాన్ని తియ్యాలని ఎవరికీ తోచలేదు.