పెద్దమ్మ వెనక్కి పంపిన బండి

మొన్న తెల్లవారుజామున సిద్దిపేటలో మా పెద్దమ్మ పోయింది. కబురు విని మా అమ్మ గోడకు ఆనుకొని చిన్నపిల్లలా ఏడ్చింది. అక్క కోసం ఏడవడానికి అమ్మ ఇన్నేళ్లు బతికి ఉందంటే అది పెద్దమ్మ చలవే. ఆ సంగతి మీకు చెప్పాలనిపించింది.

పందొమ్మిది వందల నలభైల్లో, పెద్ద యుద్ధం ముగిసిన కొత్తలో, అమ్మ మా ముగ్గురినీ వెంటబెట్టుకొని నాలుగో కాన్పుకు సిద్దిపేట వచ్చింది. అప్పుడు పుట్టిన పిల్లతో కలిపి మేం నలుగురం ఆడపిల్లలమే. తల్లి లేని అమ్మకు పుట్టిల్లంటే మగ్గం చప్పుడుతో మోగే పెద్దమ్మ ఇల్లే. ఇంట్లో బాలింత ఉంటే ఆమె తినేదాకా పెద్దమ్మ ఎవరికీ కంచం పెట్టేది కాదు. పెదనాన్న ఆకలంటే, "నువ్వు కన్నవా ఏంది? జర ఆగు" అనేది. బాలింతకు వాము వేసి పెట్టే ఆ వేడి అన్నం వాసన నాకిప్పటికీ ఇష్టం.

ఆ కాన్పులో అమ్మ చావు తప్పి బయటపడింది. మళ్లీ వెంటనే కడుపు పండితే బతకదని దవాఖానలోని విదేశీ డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. జగదేవ్‌పూర్‌లో మా బాపు వాళ్లకు మాత్రం కొడుకు కావాలి. అక్కడికి పోయాక వద్దనడం అమ్మ వల్ల అయ్యే పని కాదు. బాలింతను బేసి నెలలో అత్తింటికి పంపడం ఆచారం. మూడో నెలలో బాపు బండి కట్టుకొని వచ్చాడు. బాలింత శుక్రుడికి ఎదురు పోరాదని పెద్దమ్మ పంచాంగం సాకు తీసింది.

"శుక్రుడు ఎదురున్నడు మర్దీ. బాలింతను ఎట్ల తోల్త?"

"శుక్రుడు పడమట గద వదినె. మనం పొయ్యేది దక్షిణం."

"తొవ్వ వంకలు తిరుగుతది గద. యాడనో ఒకాడ ఎదురైతడు."

బాపు ఖాళీ బండితో వెళ్లాడు. అయిదో నెలలో అమావాస్య అడ్డొచ్చింది, ఏడో నెలలో పిల్లకు దగ్గు వచ్చింది.

మూఢనమ్మకాలని మొదట కసురుకున్న డాక్టరమ్మ అసలు సంగతి తెలిసి పడీపడీ నవ్వింది.

"మీ దేశంల గూడ ఆడోళ్ల కోసం గిట్లనే బండ్లొస్తయా అమ్మా?" అని పెద్దమ్మ అడిగింది.

"బండి వేరు. కథ ఇదే," అంది డాక్టరమ్మ. దేశదేశాల ఆడవాళ్లు కూడి తమ ఆరోగ్యం గురించి మాట్లాడుకునే సభకు ఓడెక్కి పోతున్నానని, అక్కడ నీ మాటగా ఏం చెప్పమంటావని అడిగింది.

పెద్దమ్మ చెప్పింది, "శుక్రుని పేరు జెప్పే పని లేకుంట, నాకు శాతగాదని ఆడిది జెప్తే ఇనాలె. గంతే జెప్పున్రి."

ఆ మాట సముద్రం దాటిందో లేదో నాకు తెలియదు. పక్కనే బిడ్డకు పాలిస్తున్న అమ్మ మాత్రం వింది.

తొమ్మిదో నెలలో బాపు మళ్లీ వచ్చాడు. పెద్దమ్మ ఏదో చెప్పబోయింది. అమ్మ ఆమెను దాటుకొని వాకిట్లోకి వచ్చింది.

"శుక్రుడు లేడు, ఏం లేడు. నాకే శాతగాదు. ఇంకో కాన్పయితే సస్తనని డాక్టరమ్మ జెప్పింది. పానం కుదుటపడ్డంకనే వస్త."

బాపు ఎద్దు మెడ నిమిరాడు. "పిల్లలను జూసెతందుకన్న రావొచ్చునా?" అని అడిగాడు. అమ్మ తల ఊపింది.

పెద్దమ్మ లోపలికి వెళ్లింది. మగ్గానికి నూలు చుట్టే రాట్నం ముందు కూర్చొని, పోగు ఎప్పుడో తెగిపోయిన సంగతి చూసుకోకుండా, కళ్లు తుడుచుకుంటూ దాన్ని తిప్పుతూనే ఉండిపోయింది.