తలుపు వెనక వేపమండ

కరోనా నిబంధనలు ఎత్తేశాక వచ్చిన ఎండాకాలం అది. పటాన్‌చెరు దాటి గడ్డపోతారం వైపు వెళ్ళే దారిలో, ఒక ప్రభుత్వ బడిలో పిల్లలకు వేసవి పగటి క్యాంపు పెట్టారు. నేను ఆ పక్కనే సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంని, అంటే ఇల్లిల్లూ తిరిగే ప్రభుత్వ నర్సుని. బడికి సెలవులిస్తే ఫ్యాక్టరీ పనికి పోయే తల్లులు పిల్లల్ని కిరాయి గదుల్లో ఉంచి బయట తాళం వేసి పోతారు. ఆ తాళాల బాధ చూడలేక ఒక స్వచ్ఛంద సంస్థ ఈ క్యాంపు మొదలుపెట్టింది. నలభై మందికి పైగా పిల్లలు, ఇద్దరు ఆయాలు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆటలు, అన్నం, మధ్యాహ్నం చాపల మీద నిద్ర. వాళ్ళ ఆరోగ్యం నా బాధ్యత.

మొదటి రోజే గేటుకు బోర్డు కట్టించాను: జ్వరం, దద్దుర్లు ఉన్న పిల్లలకు ప్రవేశం లేదు. నేనే థర్మల్ గన్ పట్టుకుని నిలబడ్డాను. నుదుటికి చూపిస్తే జ్వరం ఎంతో చెప్పే యంత్రం అది. మూడో రోజు వేడిగా ఉన్న ఇద్దరు పిల్లల్ని వెనక్కి పంపాను. తల్లులు బతిమాలారు. నాకు నోరెక్కువ. "ఒక్క పిల్ల కోసం అందరు పిల్లలు మంచాన పడాల్నా?" అని అందరూ వినేలా అరిచాను. రూలంటే ఇట్లా ఉండాలని ఆ సాయంత్రం మురిసిపోయాను కూడా.

రెండో వారం గురువారం నాడు, అన్నాలయ్యాక ఆయా యాదమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"మేడం, గా మౌనికను జెర సూడున్రి. గింత ఎండల పొడుగు చేతుల గౌను తొడిగి పంపిన్రు. దగ్గరికి పోతే పసుపు వాసనొస్తుంది."

మౌనికకు ఆరేళ్ళు. గౌను వెనక హుక్కులు తీసి చూశాను. వీపు నిండా పొక్కులు. కొన్ని ఎండి చెక్కు కట్టాయి, కొన్నింట్లో ఇంకా నీరుంది. ఒళ్ళు మాత్రం వేడిగా లేదు, అందుకే నా గన్‌కు చిక్కలేదు. చికెన్‌పాక్స్. మనవాళ్ళు అమ్మవారు పోసిందంటారు. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, చివరి పొక్కు చెక్కు కట్టే దాకా అది గాలి ద్వారా కూడా అంటుకుంటుంది. చాలామంది పిల్లలు వారం పది రోజులు బాధపడి లేస్తారు. కానీ నాకు రేష్మా గుర్తొచ్చింది.

రేష్మా కూడా అదే క్యాంపులో ఆరేళ్ళ పిల్లే. తల్లి జరీనా ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేస్తుంది. పిల్లకు కిడ్నీ జబ్బు, ఒళ్ళంతా వాపు వస్తుంది. దానికి రోజూ స్టెరాయిడ్ మాత్రలు. ఆ మాత్రలు వాపును తగ్గిస్తాయి కానీ, జబ్బును ఎదిరించే శక్తినీ తగ్గిస్తాయి. అలాంటి పిల్లకు చికెన్‌పాక్స్ వస్తే ఊపిరితిత్తులకు పాకి ప్రాణం మీదికి రావచ్చు.

రేష్మాకు మందులు రాసే హైదరాబాద్ డాక్టరుకు ఫోన్ చేశాను. "ఇమ్యునోగ్లోబులిన్ అని ఒక ఇంజెక్షన్ ఉందమ్మా, రక్షణను బయటి నుంచి అందిస్తుంది. నాలుగు రోజుల్లోపు ఇస్తే మంచిది. బాగా ఆలస్యమైతే దానితో లాభం లేదు, వేరే మందు చూడాలి. పాపకు ఏ రోజు సోకిందో కచ్చితంగా కనుక్కోండి," అన్నాడాయన.

ఆ రోజేదో చెప్పగలిగింది ఒక్క మౌనిక తల్లే. పేరు లక్ష్మి, మాత్రల కంపెనీలో ప్యాకింగ్ చేస్తుంది. ఆరింటికి పిల్లను తీసుకుపోవడానికి వచ్చింది.

"పొక్కులు ఎప్పుడొచ్చినయ్?" అన్నాను.

"చెమటకాయలు మేడం. నిన్ననే వచ్చినయ్."

చెక్కు కట్టిన పొక్కు నిన్న రాదని నాకు తెలియదా? ఒళ్ళు మండింది. నాలుగు మాటలు అన్నాను కూడా. ఆమె పిల్లను చంకనేసుకుని గబగబా వెళ్ళిపోయింది. నేను వదల్లేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మొండి నర్సు సంగతి చెప్పాలా? వెనకే నడిచి ఆమె గది దాకా వెళ్ళాను.

తలుపు తీసే ఉంది. లోపలికి అడుగుపెట్టి తలుపు పక్కకు జరిగితే, దాని వెనక మేకుకు వేపమండ కట్టి ఉంది. నేను అక్కడే నిలబడిపోయాను. అమ్మవారు పోసిన ఇంటికి వేపమండ గుమ్మం బయట కడతారు. అది చూసి చుట్టుపక్కల వాళ్ళు పిల్లల్ని ఆ ఇంటికి పంపరు. మా పుస్తకాల్లో ఐసోలేషన్ అంటామే, రోగిని వేరుగా ఉంచడం, ఆ పని ఈ జనం ఎప్పటి నుంచో చేస్తున్నారు. లక్ష్మి దాన్ని నాకు భయపడి లోపల కట్టుకుంది.

"బయట ఎందుకు కట్టలే?" నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

లక్ష్మి ఒక్కసారిగా ఏడ్చింది. "బయట కడితె మీకు తెలుస్తది. గేటు కాడ్నే ఆపుతరు. నేను నాగా పెడితె కాంట్రాక్టరు రేపట్సంది రాకు అంటడు. ఒంట్ల బాగలేని పిల్లను రూముల పెట్టి తాళమెయ్యాల్నా మేడం? మీరే చెప్పున్రి."

ఆమె పక్కనే కింద కూర్చున్నాను. "తప్పు నాదే లక్ష్మీ. రేపట్నుంచి మౌనికకు క్యాంపులనే వేరే గది పెడ్త. నీ పని పోదు. కానీ అవతల ఇంకో పిల్ల పానం మీదికొచ్చేటట్టుంది. మొదటి పొక్కు ఎప్పుడు చూసినవో అదొక్కటి నిజం చెప్పు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఐతారం పొద్దుగాల. తలకు పోస్తుంటె మెడ మీద రెండు కనవడ్డయ్. సోమవారం గౌను తొడిగి పంపిన."

పరుగున వచ్చి హాజరు రిజిస్టరు తీశాను. ఆదివారం పొక్కు కనిపిస్తే శుక్రవారం నుంచి అంటుకునే వీలుంది. శుక్ర, శనివారాలు రేష్మా రాలేదు, హైదరాబాద్‌లో పరీక్షలకు వెళ్ళింది. అంటే సోకితే సోమవారమే సోకాలి. ఇంకా ఒక్క రోజుంది. ఆ అంకెలు చూసి నిజంగానే దండం పెట్టాను.

శుక్రవారం పొద్దున్నే మౌనికను బడిలో ఒక ఖాళీ గదిలో యాదమ్మకు అప్పజెప్పి, జరీనాను, రేష్మాను ఆటోలో ఎక్కించుకుని హైదరాబాద్ వెళ్ళాను. మధ్యాహ్నానికి ఇంజెక్షన్ పడింది. తర్వాత రేష్మాను హత్నూరలో అమ్మమ్మ దగ్గర నాలుగు వారాలు ఉంచమన్నారు.

శనివారం క్యాంపు నిర్వాహకుడు, "ఎందుకొచ్చిన గొడవ మేడం, బంద్ చేద్దాం," అన్నాడు. బంద్ చేస్తే మళ్ళీ తాళాలే. ఒప్పుకోలేదు. గ్రౌండ్ అవతల సెలవులకు మూసిన వంటగదిని కడిగించి, కిటికీలు తీయించి, ఆ గుమ్మానికి వేపమండ బయటే కట్టించాను. "నాకు చిన్నప్పుడే పోసింది, నాకేం కాదు," అని యాదమ్మ లోపల కూర్చుంది. గేటు బోర్డు పీకేశాను. సోమవారం తల్లులందరి ముందు లెంపలేసుకున్నంత పని చేసి, దాయకుండా చెప్పమని అడిగాను. ఆ నెలలో ఐదుగురు తల్లులు పిల్లలకు పొక్కులొచ్చాయని వాళ్ళంతట వాళ్ళే వచ్చి చెప్పారు. ఆచారం ప్రకారం మూడు తలస్నానాలయ్యాయని కాదు, ప్రతి పొక్కూ చెక్కు కట్టిందని నేను చూశాకే పిల్లలు గ్రౌండ్ దాటి ఇవతలికి వచ్చారు. మిగతా వాళ్ళకు పాకలేదు.

క్యాంపు చివరి రోజుకు రేష్మా వచ్చింది. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. జరీనా నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది: "ఎవరి బిడ్డకు అయింది మేడం ముందుగాల? నేను కొట్లాడ. ఊరికే తెల్సుకుందమని."

లక్ష్మి మౌనికను పట్టుకుని పక్కనే ఉంది. ఒకరి జబ్బు ఇంకొకరికి చెప్పకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. "నా బోర్డు వల్ల అయింది జరీనా. తప్పంతా నాది," అన్నాను.

"కాదక్కా," అంది లక్ష్మి జరీనాతో. "నా బిడ్డకే. దాసిపెట్టి పంపిన."

జరీనా ముఖం బిగుసుకుంది. రేష్మాను దగ్గరికి లాక్కుంది. తర్వాత మౌనిక గడ్డం పట్టుకుని ముఖం వెలుగుకు తిప్పి చూసి, "మచ్చలు పడ్డయ్ గదనే. కొబ్బరినూనె రాస్తున్నవా లేదా?" అంది.

లక్ష్మి తల ఊపింది.

ఇప్పుడు ఏ క్యాంపు పెట్టినా తల్లులకు మొదటి రోజు ఒకటే చెప్తాను: బాగాలేని పిల్లనైనా తీసుకురండి, కాకపోతే చెప్పి తీసుకురండి, చోటుంది. ఆ చోటు సిద్ధం కాందే గేటు తెరవనివ్వను.