పాముచెవుల మరదలు

మా మరదలి గురించి ఎవరైనా "పాపం, పుట్టు చెవిటిది" అంటే నాకు ఒళ్లు మండుతుంది. పుట్టు చెవిటిదట! మా పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ పాముచెవులు అనే పిలిచేవారు. అసలు పేరుతో పిలిచింది హాజరు వేసే గుమాస్తా ఒక్కడే. ఇప్పుడు మనిషి పోయింది కాబట్టి ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెప్పుకుంటున్నారు. అందుకే ఉన్నది ఉన్నట్టు నేను చెబుతాను. నేను ఆమెకు ఆడపడుచును. ఆడపడుచు పొగిడితే నమ్మడానికి ఇంకేం కావాలి?

బట్టీలో కాలిన కప్పులు మా దగ్గర ఒక పొడవాటి బల్ల మీదికి వస్తాయి. తట్టే బల్ల అంటాం దాన్ని. అక్కడ కూర్చున్నవాళ్లు చిన్న కర్రపుల్లతో ఒక్కో కప్పు అంచు మీద తట్టి వింటారు. మంచి కప్పు ఖంగుమంటుంది. కంటికి కనపడని పగులుంటే గొంతు పూడుకుపోయినట్టు బొంగురుగా పలుకుతుంది. అలాంటిది పెంకుల గంపలోకి పోతుంది. నేను పక్కగదిలో మంచి కప్పుల్ని కాగితాల్లో చుట్టి పెట్టెల్లో సర్దేదాన్ని. ఆమె వదిలిన కప్పుల్లో పగిలింది నా చేతికి ఎప్పుడూ రాలేదు.

ఆమె కొత్తగా చేరినప్పుడు ఎవరితోనూ మాట్లాడకుండా తల బిగించుకుని కూర్చునేది. "ఈ పిల్ల టెక్కు చూడవే" అన్నాను పక్కదాని చెవిలో. బట్టీ హోరు, తోపుడుబండ్ల మోత, మధ్యలో తలుపు. అయినా బల్ల దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "టెక్కు కాదక్కా, మెడ పట్టేసింది."

నాకు తెగ నచ్చేసింది. మా తమ్ముడు సైకిళ్లు బాగుచేస్తాడు. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. వాడి పక్కన ఇలాంటిది ఒకతి ఉండాలని పట్టుబట్టి నేనే పెళ్లి చేయించాను. అప్పట్నుంచి మా ఇంట్లో గుసగుసలన్నవి లేవు. వంటగదిలో నేనూ మా అమ్మా ఏమనుకున్నా వీధి అరుగు మీద నుంచి ఆమె అందుకునేది.

ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమే అయింది గానీ తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి వచ్చారు. తర్వాత చలిజ్వరం పట్టుకుంది. పాలు పడుతున్నాయేమో, అందుకే ఒళ్లు కాలుతోంది అనుకున్నాం. మర్నాటికి పొత్తికడుపు మీద చెయ్యి వేయనివ్వలేదు. దుప్పటి తీసిన మా అమ్మ ముఖం పాలిపోయింది. "చెడు వాసన వస్తోందే. ముందు ఆస్పత్రికి పదండి" అంది.

ఆస్పత్రిలో లోపల శుభ్రం చేశారు. మాయ ముక్క మిగిలిపోయి చీము పట్టిందట. మందులు ఎక్కించారు. జ్వరం దిగినట్టే దిగి మళ్లీ ఎగబాకింది. రక్తం పరీక్షకు పంపారు. అది వచ్చాక పెద్ద డాక్టరమ్మ మమ్మల్ని మంచం దగ్గరికి పిలిచింది. నెరిసిన జుట్టు, అరిగిన చెప్పులు, నాన్చని మాట.

"క్రిమి రక్తంలోకి చేరింది. మామూలు మందులకి లొంగట్లేదు. లొంగే మందు ఒకటుంది. కానీ దాంతో కొందరికి కిడ్నీలు, చెవులు దెబ్బతింటాయి. ఈమె కిడ్నీలు జ్వరానికి ఇప్పటికే నీరసపడ్డాయి, అందుకని భయం కాస్త ఎక్కువే. రోజూ రక్తం చూసి మోతాదు సరిచేస్తాం. అందరికీ అలా అవదు. అయితే మాత్రం పోయిన వినికిడి తిరిగి రాదు. ముందే చెప్పడం నా ధర్మం."

"చెవులా?" అన్నాడు మా తమ్ముడు, పక్కమంచం వాళ్ల సంగతి మాకు చెబుతున్నారేమో అన్నట్టు. "ఆమె చేసేదే చెవుల పని డాక్టరుగారూ."

"ఇవ్వకపోతే ఏమవుతుంది?" అన్నాను నేను.

"ఇవ్వకపోతే మనిషి దక్కుతుందని నేను మాటివ్వలేను."

"నాతో చెప్పండి" అంది మా మరదలు మంచంలోంచి. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "వినేది నేనేగా."

డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుని మళ్లీ మొదట్నుంచీ చెప్పింది. అంతా విని ఆమె "మొదలుపెట్టండి. పోయి తీరతాయని ఏమీ లేదుగా" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "వదినా, రేపు వచ్చేటప్పుడు ఒక మంచి కప్పు, నా పుల్ల పట్టుకురా."

అప్పట్నుంచి తెల్లవారగానే కప్పు తట్టడం. ఖంగుమనగానే "ఉంది" అనేది. ఇంజెక్షను తెచ్చే నర్సుకు ఇదొక వేడుకైపోయింది. "నా తల కూడా తట్టి చూడండి, పగులుందేమో" అనేది. "తట్టక్కర్లేదు, మాట వింటేనే తెలుస్తోంది" అనేది మా మరదలు. జ్వరం మెల్లగా దిగుతోంది. బిడ్డకు పాలివ్వచ్చన్నారు. మా అమ్మ ముఖంలో నెత్తురు చుక్క కనపడింది. గండం గడిచిందనే అనుకున్నాం.

ఒక పొద్దున కప్పు తట్టింది. మళ్లీ తట్టింది. కప్పు తిప్పి ఇంకో వైపు తట్టింది.

"ఏంటి వదినా, పగిలిన కప్పు తెచ్చిపెట్టావు?"

అది నిన్నటి కప్పే. నా చెవికి ఖంగుమని నిక్షేపంగా మోగింది. ఆమె నా ముఖంలోకి చూసింది. కప్పు, పుల్ల నా చేతిలో పెట్టింది.

"నువ్వు తట్టు."

తట్టాను. ఎదురు మంచం మీద పడుకున్నావిడ ఆ చప్పుడుకు ఇటు తిరిగి చూసింది. ఆవిడ తిరగడం మా మరదలు చూసింది. "సరేలే" అని గోడవైపు తిరిగి పడుకుంది.

డాక్టరమ్మ వచ్చి చెవులు పరీక్షించింది. లోపల హోరుగా ఉందా, నిలబడితే తూలుతోందా అని అడిగింది. రెండూ ఉన్నాయి. ముందు సన్నటి చప్పుళ్లు పోతాయనీ, ఆ తర్వాత తక్కినవనీ చెప్పింది. "ఇప్పుడు ఆపేస్తే మిగిలింది కొంత నిలవచ్చు, నిలవకపోనూవచ్చు. కానీ క్రిమి ఇంకా పూర్తిగా చావలేదు. మధ్యలో ఆపితే తిరగబెట్టచ్చు. ఈసారి తిరగబెడితే నా దగ్గర ఇంకో మందు లేదు."

మేం ముగ్గురం మంచం చుట్టూ చేరి కొట్టుకున్నంత పని చేశాం. "జ్వరం తగ్గింది కదా, ఆపేద్దాం. చెవులు పోయాక అది బతికి ఏం సుఖపడుతుంది?" అని మా తమ్ముడు. నేను వాడి మీద విరుచుకుపడ్డాను. "తగ్గిందని నీకు జ్వరం వచ్చి చెప్పిందా? చెవుల్లేకపోతే కొంప మునగదు. పెళ్లాం లేకపోతే మునుగుతుంది." మా అమ్మ మధ్యలో ఏడుపు.

"నా నెత్తి మీద అరుచుకోకండి" అంది మా మరదలు. "నాకింకా వినపడుతోంది."

ఆమె పక్కనున్న పిల్ల వైపు చూసింది. "నేను పోతే, ఇది ఏడిస్తే వినడానికి తల్లి ఉండదు. ఉంటే, ఉన్న తల్లికి వినపడదు. అంతేగా తేడా?" డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఇచ్చెయ్యండి. ఉంటాను."

ఆ రోజు నుంచి ఆమె ఒక కొత్త పట్టు పట్టింది. పిల్ల ఏడిస్తే ఎవరూ ఎత్తుకోకూడదు. నేను చెయ్యి చాచితే తోసేసింది. మా తమ్ముడు ఎత్తుకుంటే "దించు" అని గదమాయించింది. తడిపేసుకునీ, ఆకలేసీ పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే పక్కన కూర్చుని చూస్తూ ఉండేది. ఎదురు మంచం ఆవిడ "పిల్లని ఊరుకోబెట్టుకోలేని వాళ్లు కనడం దేనికి" అని సణిగింది. నేనూ ఆగలేకపోయాను.

"రాక్షసివా ఏంటే? పసిది గొంతు చించుకుంటుంటే చోద్యం చూస్తావా?"

"కాసేపే వదినా" అంది. "దానికి నవ్వింకా రాలేదు. మాట రాలేదు. ఉన్నది ఏడుపొక్కటే. అదైనా విననీ నన్ను."

నేను వరండాలోకి వచ్చి కుళాయి తిప్పి ముఖం కడుక్కుంటూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఎంత కడిగినా కళ్లు ఆరలేదు. తర్వాత వెళ్లి ఎదురు మంచం ఆవిడకు సంగతి చెప్పాను. నా మీద అరుస్తుందనుకున్నాను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత పిల్ల ఏడుపు అందుకుంటే చాలు, ఆ గదిలో ఎవరూ మాట్లాడేవారు కాదు. నర్సు కూడా మందుల బండి తొయ్యడం ఆపి నిలబడేది. పిల్ల పాలకు వెతుక్కునేదాకా విని, అప్పుడు తీసుకుని గుండెలకు హత్తుకునేది మా మరదలు.

రోజురోజుకీ పిల్ల ఏడుపు ఆమెకు దూరమవుతూ వచ్చింది. చెవిని పిల్ల నోటి దగ్గర పెట్టి వినేది. జ్వరం పూర్తిగా దిగింది, రక్తం శుభ్రపడింది, ఇంటికి వెళ్లచ్చన్నారు. బట్టలు సర్దుతున్నాను. పిల్ల ముఖం ఎర్రగా చేసుకుని కాళ్లు తన్నుకుంటూ ఏడుస్తోంది. ఆమె వంగి దాని నోటి వంకే చూస్తోంది.

"వదినా, ఇది ఏడుస్తోందా, ఆవలిస్తోందా?"

పిల్లను తీసి ఆమె ఒళ్లో పెట్టాను.

తర్వాత బతుకంతా బతికింది, అదేం తక్కువ కాదు. రాత్రిళ్లు పిల్ల కాలికీ తన మణికట్టుకీ మెత్తటి గుడ్డపేలిక కట్టుకుని పడుకునేది. పిల్ల కాలు కదిపితే లేచి కూర్చునేది. ఫ్యాక్టరీలో తట్టే బల్ల నుంచి తీసి నా పక్కన కాగితాలు చుట్టే పనిలో వేశారు. మొదట్లో ప్రతి కప్పునీ చుట్టేముందు గోటితో ఒకసారి తట్టేది, అలవాటు కొద్దీ. కొన్నాళ్లకు అదీ మానేసింది. నా పెదవులు చూసి మాట పట్టేది. తన గొంతు తనకు తెలియక గట్టిగా మాట్లాడేది. ఒకసారి కూరగాయల కొట్లో రహస్యం చెబుతున్నాననుకుని "వదినా, వీడు తూకంలో వేలు పెడుతున్నాడు" అని బజారంతా వినపడేలా అంది. కొట్టువాడు ఆ తర్వాత మాకు ఎప్పుడూ సరిగ్గానే తూచాడు.

పిల్ల మొదటిసారి "అమ్మా" అన్నప్పుడు గుమ్మం దగ్గర కూర్చుని కప్పుల పెట్టెలకు కట్టే తాళ్లు పేనుతున్నాం. దాని నోరు రెండుసార్లు మూసుకుని తెరుచుకోవడం ఆమె చూసింది. "ఏమంటోంది?" అని నన్నడిగింది.

"నిన్నే పిలుస్తోంది" అన్నాను. తాళ్లు పక్కన పడేసి నవ్వుతూ దాన్ని ముద్దులతో ముంచెత్తింది. తర్వాత లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఆ పిల్ల పెద్దదై బస్టాండులో మైకులో చెప్పే ఉద్యోగం తెచ్చుకుంది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో చెబుతుంది. క్యారియరు ఇచ్చే నెపంతో మా మరదలు మధ్యాహ్నాలు అక్కడికి వెళ్లి బెంచీ మీద కూర్చునేది. నేనూ ఒకటి రెండుసార్లు వెళ్లాను. ఉన్నట్టుండి జనం తలలు పైకెత్తుతారు. ఒకాయన గబగబా సంచీ అందుకుంటాడు. పిల్లల చేతులు పట్టుకుని ఆడవాళ్లు లేస్తారు. అప్పుడు నా మోచెయ్యి పట్టుకుని "ఇప్పుడు మాట్లాడింది కదూ?" అనేది, వాళ్లందర్నీ గర్వంగా చూస్తూ.

ఒకరోజు అక్కడే అడిగింది. "ఎలా ఉంటుంది వదినా దాని గొంతు?"

"నీ గొంతే పుణికిపుచ్చుకుంది" అన్నాను ఆమెకు తెలిసేలా నిదానంగా.

"నా గొంతు ఎలా ఉండేది?" అంది. "మర్చిపోయాను. దాని ఏడుపొక్కటే గుర్తుంది."

మొన్న వానల్లో ఊపిరితిత్తులకు జబ్బు చేసి పోయింది. పెద్దగా బాధపడలేదు, అంతవరకు మా అదృష్టం. ముందుగదిలో పడుకోబెట్టాం. నా మేనకోడలు బస్టాండు నుంచి ఉద్యోగపు చీరతోనే వచ్చింది. రోజంతా తొణక్కుండా మాట్లాడే పిల్ల, గుమ్మంలో నిలబడి తల్లిని చూసి, ఒక్కసారిగా పసిపిల్లలా గుక్కపట్టి ఏడ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్లు మూగారు. వీపు నిమిరేవాళ్లు, నోటికి కొంగు అడ్డం పెట్టేవాళ్లు. "ఊరుకో తల్లీ, ఊరుకో, ఊరుకో."

నేను వాళ్లను తోసుకుంటూ లోపలికి వెళ్లాను.

"ఊరుకోమనకండి. దాన్ని ఏడవనివ్వండి. వాళ్లమ్మ విన్న గొంతు అదొక్కటే."

వాళ్లు చేతులు తీసేసి పక్కకు జరిగారు.