టైలరు కట్టిన పురుగుల కొండ

మా తోడల్లుడు టైలరు. నలభై ఏళ్లు కుట్టాడు. చూపు మందగించి సూదిలో దారం ఎక్కించలేకపోయాక మిషను మీద గుడ్డ కప్పేశాడు. ఆ తర్వాత ఆయనకు పట్టిన పిచ్చి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు.

వీధి చివరి క్లబ్బులో వేలెడేసి బొమ్మ సైనికులను బల్ల మీద నిలబెట్టి యుద్ధాలు ఆడతారు. ఆ సైన్యాలు నక్కడానికి కొండలు కావాలి. "ఆదివారం పోటీకి నీ కొండ బాగుంటే ఇక అన్ని బల్లలకీ నువ్వే కట్టు" అన్నాడు సెక్రటరీ. మళ్లీ చేతికి పని దొరుకుతుందని మావాడు పొంగిపోయాడు.

చెట్టు బెరడు ముక్కలను పొరలు పొరలుగా అతికించి రంగేస్తే అచ్చం రాతి చరియలా ఉంటుంది. బాగానే ఉంది. కానీ ఆ బెరడు కుళ్లిన దుంగల నుంచి ఒలిచింది! గోనెసంచి విప్పగానే వచ్చిన కంపుకు గోడ గడియారం ఆగిపోయింది. నమ్మకపోతే మానండి, ఇప్పటికీ పదీ ఇరవై దగ్గరే ఉంది. సంచి అడుగున తడి బూజు, చీమిడిలా సాగే జిగట, చిటికెన వేలంత జెర్రి.

"ముందు ఓవెన్లో గంటసేపు కాల్చాలట కదా, లోపలి పురుగు చావడానికి?" అన్నాను.

"నా ఓవెన్లోనా! ఆ కుళ్లు అందులో పెడితే నేను పుట్టింటికే, బావగారూ!" అంది మరదలు, ముక్కు మూసుకుని.

"కాల్చడమెందుకన్నయ్యా? మూడు పూతలు వార్నిష్ కొడతా. పురుగుకి ఊపిరాడదు" అన్నాడు మావాడు.

"ఆ మాట పురుగుకి చెప్పావా?"

ఆదివారం కొండ అందంగానే ఉంది, ఒప్పుకోవాలి. ఆట మధ్యలో దీపాల వేడికి వార్నిష్ చిట్లింది. తెల్లగా, లావుగా, తడితడిగా ఒక పురుగు తల బయటపెట్టింది. వెనకే ఇంకో పదిహేను. ఒకటి సేనాధిపతి బొమ్మ మీదికెక్కి తీరిగ్గా సాగిలబడింది.

"ఛీ ఛీ! తీసెయ్యండి దీన్ని!" సెక్రటరీ కుర్చీ ఎక్కేశాడు. నోట్లో బిస్కెట్ ఉన్నవాడు దాన్ని మింగలేక ఉమ్మలేక వీధిలోకి పరిగెత్తాడు.

మావాడు ఒక్కో పురుగునూ వేళ్లతో ఏరి రుమాల్లో వేసుకున్నాడు.

"ఇంకొక్క కొండ చూస్తా. అదీ పాకితే ఇటు రాకు" అన్నాడు సెక్రటరీ, కుర్చీ దిగకుండానే.

ఇంటికొచ్చి మావాడు గుడ్డ కప్పిన మిషను ముందు కూర్చున్నాడు. ఆ గుడ్డనే చూస్తున్నాడు. మరదలు అతన్ని చాలాసేపు చూసింది. లేచి వెళ్లి ఓవెన్ తలుపు తెరిచింది.

"తెండి మీ చెత్త. త్వరగా, నా మనసు మారకముందే."

ఇప్పుడు క్లబ్బులో ఏడు బల్లల మీదా ఆయన కొండలే. ఒక్క పురుగూ లేదు. మరదలు ఆ ఓవెన్లోనే నాకు కేకు చేసిపెడుతుంది.

"ఎలా ఉంది బావగారూ?"

"బ్రహ్మాండం" అంటాను, ముక్కను జేబులోకి తోస్తూ.