తవిటయ్య చూసిన మాటలు

చీపురుపల్లి దగ్గరి పల్లె నుంచి తవిటయ్యని ఖరగ్‌పూర్ తీసుకొచ్చింది అతని మేనమామ. అది నలభై తొమ్మిదో సంవత్సరం. రైల్వే కార్ఖానాలో ఇంజన్ బాయిలర్లు బాగుచేసే షాపులో పెట్టించాడు. ఎర్రగా కాలిన రివెట్టుకి లోపలినుంచి ఒకడు ఆనిక పెడితే, బయటినుంచి ఇంకొకడు సుత్తితో కొట్టాలి. తవిటయ్య అప్పట్లో రివటలా ఉండేవాడు కనుక బాయిలర్ లోపలికి దూరే పని అతనిదయింది. గుండిగలో కూర్చోబెట్టి పైన గునపాలతో బాదినట్టుండేది. ఎవరినీ అనడానికి లేదు. ఆ పనే అలాంటిది.

పదేళ్ళు తిరిగేసరికి పిచ్చుకల అరుపు వినపడ్డం మానేసింది. ఆ తర్వాత పెంకుల మీద వాన చప్పుడు పోయింది. ముప్పై అయిదో ఏటికి పెళ్ళాం సింహాచలమ్మ గొంతు కూడా పోయింది.

అయితే షాపులో అతనికి ఆ లోటు తెలిసేది కాదు. అక్కడ చెవులున్నవాడికీ ఏమీ వినపడదు. అందరూ ఎదుటివాడి పెదాలు చూసే మాట్లాడుకుంటారు. తెలుగు, బెంగాలీ, హిందీ, ఒరియా ఏదైనా తవిటయ్య అలాగే పట్టేసేవాడు. ఎక్కడో దూరంగా నిలబడి ఫోర్‌మన్ తనలో తాను తిట్టుకుంటుంటే, ఆ తిట్టు ఫలానా అని ఇక్కడ చెప్పి అందరినీ నవ్వించేవాడు. ఇబ్బందల్లా బయటే. నిమ్‌పురా క్వార్టర్లో సింహాచలమ్మ చుట్టని అడ్డపొగ పెట్టుకుని మాట్లాడేది. నిప్పున్న కొస నోట్లో ఉంటే పెదాలేం కదులుతాయి?

"ఆ సుట్ట తీసి సెప్పే!" అని అతను అరిచేవాడు.

"తీసినా నీకినబడదు కదేటి" అని ఆవిడ సణిగేది. ఆ సణుగుడూ అతనికి తెలిసేది కాదు.

తవిటయ్యకి నాటకాలంటే ప్రాణం. దసరాలకి తెలుగువాళ్ళ సమాజం వేసే నాటకమైనా, విజయనగరం వైపు నుంచి వచ్చిన కంపెనీ అయినా, పెళ్ళయిన కొత్తలో పెళ్ళాన్ని వెంటేసుకుని పొద్దుండగానే వెళ్ళి ముందు జాగా పట్టేవాడు. చెవులు మందగించాక కూడా కొన్నాళ్ళు వెళ్ళాడు. కానీ స్టేజీ మీది మొహం ఎంత ముందు కూర్చున్నా దూరమే. మీసం అతికించుకున్నవాడి పైపెదవి కనపడదు. పద్యం ఎత్తుకున్నవాడు నోరు తెరిచి రాగంలోనే ఉండిపోతాడు. ఆ తెరిచిన నోట్లో మాటని ఎక్కడ వెతుక్కుంటాడు? ఓసారి హాలంతా కళ్ళు తుడుచుకుంటుంటే తవిటయ్య ఒక్కడూ నవ్వాడు. పక్కవాళ్ళు తిరిగి చూశారు.

ఇంటికొచ్చాక, "ఇంక నాను రాను. నువ్వెల్లు" అన్నాడు.

సింహాచలమ్మా వెళ్ళడం మానేసింది. అలా పద్నాలుగేళ్ళు గడిచాయి.

డెబ్బై ఎనిమిది చలికాలంలో, తాల్‌బగీచాలో కోటిలింగం ఇంటిమీద టీవీ స్తంభం లేచింది. కోటిలింగానికి గోల్‌బజార్లో బట్టల కొట్టు. అతని భార్య తాయారుకి ఏటేటా పసుపూ కారం దంచిపెట్టేది సింహాచలమ్మే. ఆ చనువుతోనే తాయారు ఓరోజు చెప్పింది.

"ఆదివారం సాయంత్రం మీ ఆయన్ని కూడా తీసుకురా సింహాచలం. కలకత్తా నుంచి బెంగాలీ నాటకం వస్తుందిట. అమియలతా దేవి అని, పాతకాలం స్టేజీ నటి. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆడిన నాటకాన్ని రెండేళ్ళ కిందట టీవీకి తీశారట. అదే మళ్ళీ వేస్తున్నారు."

తవిటయ్య ఒప్పుకోలేదు. "బొమ్మలు సూడ్డానికి నానేటి సిన్నగుంటడినా?"

"కూకోడానికి కుర్సీ ఏస్తారట. నాకోసం రా మావా" అని ఆవిడ చేతులు తిప్పి, సైగ చేసి, చివరికి బతిమాలింది. వెళ్ళాడు.

చాపల మీద పాతికమంది దాకా కూర్చున్నారు. కోటిలింగం మర్యాద తెలిసినవాడు. "ఆయనకి వినపడదు, దగ్గర్నుంచి చూడనివ్వండి" అని తవిటయ్యకి పెట్టె ముందే కుర్చీ వేయించాడు.

నాటకం ఒక జమీందారు ఇంటి వంటమనిషి కథ. ఇంట్లో గొలుసు పోతుంది. తీసింది ఆ ఇంటి ఆడపిల్లే, ఆ సంగతి వంటమనిషికి తెలుసు. నింద మాత్రం వంటమనిషి మీద పడుతుంది. ఆ వేషం అమియలతా దేవిది. అరవై దాటిన మనిషి, బోలు బుగ్గలు, నుదుట బొట్టు లేదు. పొయ్యి ముందు కూర్చుని తలెత్తింది. పెట్టె నిండా ఆవిడ మొహమే.

తవిటయ్య కుర్చీలో ముందుకి జరిగాడు. ఆవిడ ఏ మాటనీ సగంలో మింగడం లేదు. ప్రతి మాటా పెదాల మీద మొదలై, పెదాల మీదే పూర్తవుతోంది. గొంతు దించినట్టు మెడలో తెలుస్తోంది, కానీ పెదాలు బద్ధకించడం లేదు. షాపులో ఎదురుగా నిలబడ్డ మనిషి మాట్లాడినంత స్పష్టంగా ఉంది. మిగతావాళ్ళ మాటలు అక్కడొకటి ఇక్కడొకటి జారిపోయినా, ఆవిడ జవాబుల్ని బట్టి తెలిసిపోతున్నాయి. మోకాళ్ళ మీద చేతులు బిగించుకుని, రెప్ప వేయడం మరిచిపోయాడు.

అరగంటయ్యాక పెట్టె కర్రుమని ఒక్కసారి అరిచి మూగబోయింది. బొమ్మ మాత్రం శుభ్రంగా వస్తోంది. జనం గోల పెట్టారు. కోటిలింగం లేచి బొత్తాలు తిప్పాడు, పక్కన రెండు చరుపులు చరిచాడు, వెనక్కి వెళ్ళి తీగ లాగాడు, మళ్ళీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

తవిటయ్యకి ఇదేమీ తెలీదు. "అడ్డు తప్పుకోండి బాబూ! ఆవిడ సెప్తన్నాది కదేటి!" అని గట్టిగా అరిచాడు.

ఎవరో నవ్వారు. ఆ వెంటనే గదంతా సద్దుమణిగింది. తాయారు వచ్చి అతని ఎదుట వంగి అడిగింది.

"ఏం చెబుతోంది తవిటయ్యా?"

పెట్టె మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. "నాను ఈ పొయ్యి కాడ ఇరవై ఏళ్ళు కాలినాను. నా ఒంటి మీద మసి తప్ప మీ ఇంటిది ఏటీ లేదు, ఎతుక్కోండి, అంటన్నాది."

"ఊఁ, తర్వాత?"

తర్వాత ఇంక ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది. ముప్పావుగంట సేపు తవిటయ్య ఆ నాటకాన్ని పలుకుతూనే ఉన్నాడు. బెంగాలీ జమీందారు, అతని భార్య, వంటమనిషి, అందరూ చీపురుపల్లి మాటే మాట్లాడారు. ఒక్కరూ నవ్వలేదు. పిల్లలు కూడా కిక్కురుమనలేదు. సింహాచలమ్మ తలుపు దగ్గర నిలబడి మొగుడి వంక చూసిన చూపు మళ్ళీ తిప్పలేదు. అతని గొంతు అంత సేపు ఆగకుండా ఆవిడ విని ఎన్నేళ్ళయిందో.

చివర్లో వంటమనిషి మూట కట్టుకుని వెళ్ళిపోతుంటే, ఆ ఆడపిల్ల వెనకాలే పరుగెత్తుకొస్తుంది.

"నాను తీసినానని నీకు తెలుసు కదా, ఎందుకు సెప్పనేదు, అని అడుగుతున్నాది" అన్నాడు తవిటయ్య.

అమియలతా దేవి వాకిలి వైపు తిరిగి నిలబడింది. వీపు తప్ప ఇంకేమీ కనపడలేదు. కాసేపటికి ఇటు తిరిగి, ఆ పిల్ల తల నిమిరి, వెళ్ళిపోయింది.

"ఏమందీ?" అన్నారు నలుగురూ ఒక్కసారే.

"కనబళ్ళేదు" అన్నాడు తవిటయ్య. పోగొట్టుకున్నవాడిలా అన్నాడు.

ఆడవాళ్ళు ముక్కులు తుడుచుకుంటూనే తలో జవాబూ చెప్పారు. కోటిలింగం అతని రెండు చేతులూ పట్టుకుని, "మీరు లేకపోతే మాకు నాటకం లేదండీ ఇవాళ" అన్నాడు. తవిటయ్య ఆ మాటని పెదాల మీద పట్టుకున్నాడు. దారిలో సింహాచలమ్మతో, "పద్నాలుగేళ్ళకి నాటకం సూసినానే" అన్నాడు. కొంత దూరం నడిచాక మళ్ళీ అదే మాట అన్నాడు.

మర్నాడు షాపులో, వేరేచోట ఆ నాటకం చూసిన బెంగాలీవాళ్ళని అడిగాడు. అక్కడ ఆవిడ ఏమీ అనలేదన్నారు. తవిటయ్య నమ్మలేదు. వెనక్కి తిరిగే ముందు ఆవిడ మెడ నరం కదలడం చూశాడు. మాట బయల్దేరింది, బయటికి రాలేదంతే.

నెల తిరక్కుండానే మొగుడూ పెళ్ళాలు రైల్వే పాసు మీద కలకత్తా బండెక్కారు. అమియలతా దేవి ఇంకా ఆదివారాలు పగటి ఆట ఆడుతోందని కోటిలింగం బెంగాలీ పేపర్లో చూసి చెప్పాడు. టికెట్టు కొని ఆట చూశారు, అది వేరే నాటకం. మాటలు సగమే చిక్కాయి. ఆట అయ్యాక వెనక గుమ్మం దగ్గర నిలబడి, ఖరగ్‌పూర్ నుంచి వచ్చామని కబురు పంపారు. ఆవిడ లోపలికి రమ్మంది.

తను చెవిటివాణ్ణని తవిటయ్య చెప్పగానే, ఆవిడ అందరిలాగే నోరు పెద్దగా సాగదీసి, ఒక్కో అక్షరం విరిచి మాట్లాడబోయింది.

"వద్దమ్మా, అలాగైతే నాకు తెలీదు. టీవీలో చెప్పినట్టే చెప్పండి" అన్నాడు తనకొచ్చిన బెంగాలీలో.

ఆవిడ పకపకా నవ్వింది. మైకులు లేని రోజుల్లో పని నేర్చుకున్నానంది. గురువు ఆఖరి బెంచీలో కూర్చునేవాడట, మాట మధ్యలో తెగితే చెప్పు విసిరేవాడట. "ఆయన చెప్పు దెబ్బలు నీకు పనికొచ్చాయన్నమాట" అంది.

అప్పుడు తవిటయ్య అడగాల్సింది అడిగాడు. టీవీలో ఆ పిల్ల అడిగినప్పుడు అటు తిరిగి ఏమన్నారు? మాట బయల్దేరింది, నేను చూశాను.

ఆవిడ కుర్చీ అతని దగ్గరికి జరుపుకుంది. "ఎవరితోనూ చెప్పలేదు నాయనా, ఆ రోజు నాకు మాట గుర్తు రాలేదు. ముప్పై ఏళ్ళు చెప్పిన మాటే. దీపాలు, కెమెరా, కంగారు. తప్పు దాచుకోవడానికి వెనక్కి తిరిగాను. అందరూ ఆ మౌనం ఎంత గొప్పగా ఉందో అన్నారు. నువ్వొక్కడివే పట్టుకున్నావు."

లేచి, అతని ఎదురుగా నిలబడి, ఆ మాట చెప్పింది. నాటకంలో చెప్పినట్టే చెప్పింది. "నా చేతి అన్నం తిని పెరిగిన పిల్లవి. నా నోటితో నిన్ను దొంగ అని ఎలా అననమ్మా?"

తవిటయ్య దాన్ని సింహాచలమ్మకి తెలుగులో చెప్పబోయి, మధ్యలో ఆగిపోయాడు. మిగతాది కన్నీళ్ళు తుడుచుకుని చెప్పాడు. సింహాచలమ్మ వంగి ఆవిడ కాళ్ళకి దండం పెట్టింది.

"ఈ మడిసిని నాకు మళ్ళీ నాటకానికి తెచ్చిపెట్టినావు తల్లీ. సల్లగుండు" అంది.

అమియలతా దేవికి తెలుగు రాదు. అయినా ఏమందని అడగలేదు. సింహాచలమ్మని లేవదీసి దగ్గరకి తీసుకుంది.

ఈ సంగతి ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళలో పాకింది. నాటక సమాజం కార్యదర్శి వెంకటరావు వచ్చి, రిహార్సల్స్‌కి రమ్మని తవిటయ్యని పిలిచాడు. తవిటయ్య ఆఖరి బెంచీలో కూర్చునేవాడు. మాట కనపడకపోతే చెయ్యెత్తేవాడు. కుర్రాళ్ళు మొదట్లో విసుక్కున్నారు. "వినపడనాయన కోసం మేం పళ్ళికిలించాలా?" అన్నారు. నెల గడిచేసరికి మైకు మొరాయించిన రోజున కూడా తమ మాట వెనకదాకా చేరుతోందని వాళ్ళకే తెలిసింది. చెయ్యి లేవకుండా ఒక అంకం గడిస్తే పండగ చేసుకునేవారు.

ఆ దసరాకి నాటకం బాగా నడిచింది. చివర్లో వెంకటరావు తవిటయ్యని స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పబోయాడు. తవిటయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకొద్దు బాబూ. కప్పితే కలకత్తాలో ఆ తల్లికి కప్పాల" అన్నాడు.

సమాజం అలాగే అంది. మరుసటి ఆదివారం పొద్దున్నే ఆ శాలువాని పేపర్లో చుట్టి, చంకలో పెట్టుకుని, తవిటయ్య, సింహాచలమ్మ మళ్ళీ కలకత్తా బండెక్కారు.