నైట్ షిఫ్టు నిద్ర కాదు

మా తమ్ముడు సంపత్ మా ఇంట్లో వేడి వేడి చాయ్ తొడ మీద ఒంపేసుకుని కూడా ఉలిక్కిపడలేదు. ఈ సికింద్రాబాద్ ప్రయాణానికి కారణం అదే. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదాలు చప్పరిస్తున్నాడు, వేళ్ళు చొక్కా గుండీని అదేపనిగా నలుపుతున్నాయి. పిలిస్తే పలకలేదు. నిమిషం తర్వాత తేరుకుని, "ఎవలు పోసిండ్రు గీ చాయ్?" అని నన్నే అడిగాడు. వాడు ఓపెన్‌కాస్టు గనిలో డంపర్, అంటే బొగ్గు మోసే పెద్ద లారీ, నడుపుతాడు. మా బొగ్గుగనుల ఊళ్ళలో మగవాడు ఎక్కడ గుడ్లప్పగించి కూర్చున్నా నైట్ షిఫ్టు నిద్ర అనేస్తాం. వాడి భార్య లత కూడా ఇన్నాళ్ళూ అదే అనుకుంది.

మంగళవారం పొద్దున ఏడింటికి రామగుండంలో సికింద్రాబాద్ రైలెక్కాం. జనరల్ టికెట్టే. పెద్దపల్లి వచ్చేసరికి కూర్చోవడానికి చోటుండదు, ముందే కిటికీ సీటు పట్టుకోవాలి. కాజీపేట దాటాక సర్వపిండి డబ్బా విప్పాను. ముక్క తుంచుతూనే వాడు ఆగిపోయాడు. మళ్ళీ అదే చప్పరింపు, అదే గుండీ. ఎదుటి సీట్లో ముసలవ్వ జాలిపడింది.

"డ్యూటీ చేసొచ్చిండా బిడ్డ? లేపకు, జర పండనియ్యి."

వాడి ఒళ్ళో పడ్డ ముక్క తీసి డబ్బాలో పెట్టాను.

పదకొండున్నరకు దిగి ఆటోలో నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. తలకు తీగలు అతికించి తీసే పరీక్ష అయ్యేసరికి సాయంత్రమైంది. కిందపడి కొట్టుకుంటేనే మూర్ఛ కాదట, ఇలా తెలివి తప్పి చూస్తూ ఉండిపోవడమూ మూర్ఛేనట. ఎప్పుడైనా పెద్దగా వచ్చి కొట్టుకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, కాళ్ళూచేతులూ అదిమి పట్టకూడదు. చేతిలో తాళాల గుత్తి పెడితే ఆగేది కాదు. ఐదు నిమిషాలు దాటిందంటే దవాఖానకు పరుగెత్తాలి.

"మాత్రలు ఒక్కపూట కూడా మానొద్దు. చాలామందికి అదుపులో ఉంటుంది. ఇప్పుడు మాత్రం బండి ముట్టుకోవద్దు, మీ కంపెనీలో చెప్పండి" అందావిడ. అంతవరకూ తలూపుతున్న తమ్ముడు నేలచూపులు చూశాడు.

స్టేషన్ ఎదుటి సందులో లాడ్జి దొరికింది. గది ఇరుకే కానీ వేడినీళ్ళు వచ్చాయి. మర్నాడు పొద్దున్నే తిరుగు రైలు. జమ్మికుంట దాటాక గొడవ మొదలైంది.

"చెప్తె డంపర్ దించుతరక్క. ఊడ్చుడు పనిల ఏస్తరు. మూర్ఛోడని కాలనీ అంత అంటరు."

"నీ డంపర్ కింద ఎవలన్న పడితె?"

"ఇన్నొద్దులు పడ్డరా? నువ్వు చెప్పినవనుకో, నాకు అక్క లేదు."

పక్కాయన పేపరు దించి మమ్మల్ని చూశాడు. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఒంటిగంటకు రామగుండంలో దిగాం. మాత్రల సంచి నా చేతిలో పెట్టి, "లత చూస్తె అడుగుతది, నీ దగ్గర్నే ఉండనియ్యి" అంటూ రెండో షిఫ్టుకు ఆటో ఎక్కాడు. చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాడు. నేను ఇంకో ఆటోలో గని ఆఫీసుకు వెళ్ళి, షిఫ్టు ఆఫీసరుకు అంతా చెప్పేశాను. వాణ్ణి డంపర్ ఎక్కనివ్వలేదు. వాడు బయటికొచ్చి, పరాయి మనిషిని దాటినట్టు నా ముందు నుంచే వెళ్ళిపోయాడు. నాకున్నది ఒక్కడే తమ్ముడు.

జ్యోతినగర్‌లో మా ఇంటికి వెళ్ళే ఆటోలో నుంచి లతకు ఫోన్ చేసి జబ్బు సంగతి చెప్పాను. ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు రైళ్ళున్నాయి, డాక్టర్లున్నారు, మందు కూడా ఉంది. ఇంటి మనిషిని ఒప్పించడమెలాగో మాత్రం నాకు తెలియలేదు. మాత్రలు వచ్చి తీసుకుపొమ్మన్నాను.

"మీ పేరెత్తొద్దంటుండు వదినా" అంది లత. వస్తానని అనలేదు.

రాత్రి మాత్ర వేసే వేళకు నేనే తీసుకెళ్తాను. తలుపు తీస్తారో లేదో.