పెద్దాయన వెనక రెండు కిలోమీటర్లు

ఇరవై రెండేళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి ఆమె. డిపోలో చిన్నా పెద్దా అందరికీ డ్రైవరక్కే. కొత్తగా చేరినవాళ్లకి స్టీరింగు తిప్పడం కన్నా ముందు, కదిలే బస్సు ఎక్కబోయేవాణ్ణి ఎలా తిట్టాలో నేర్పేది. పెళ్లయిన మూడేళ్లకే ఎవరి దారి వాళ్లదైంది. అప్పటి నుంచి అన్నయ్య వాళ్ల వాటాకి పైన, రెండు గదుల్లో ఒక్కతే ఉంటోంది. కింద వదిన చీపురు కర్రతో పైకప్పు మీద రెండుసార్లు తట్టిందంటే కాఫీ కలిపిందని అర్థం.

ఆ ఏడు వేసవి మొదట్లో, పదకొండున్నర ట్రిప్పులో, మార్కెట్టు స్టాపు దాటిన కాసేపటికి, ఆగి ఉన్న రెండు వ్యాన్ల మధ్య నుంచి ఒక ముసలాయన బస్సు ముందుకు వచ్చాడు. ఆమె బ్రేకు తొక్కింది. బస్సు ఆగింది. కానీ ఆగేసరికే అయిపోయింది.

బస్సులో కెమెరా ఉంది. వేగం ఎంతో, బ్రేకు ఎప్పుడు పడిందో అన్నీ అందులో ఉన్నాయి. తప్పు ఆమెది కాదని పదకొండు రోజుల్లో తేల్చారు. ఆ కాగితం చేతికిచ్చిన ఆఫీసరు, "గండం గడిచిందనుకో అక్కా" అన్నాడు. ఆమె "సరేనండీ" అని దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

ఏడుపు రాలేదు. వేళకి ఆకలేసింది, పడుకుంటే నిద్ర పట్టింది. అదే ఆమెకు వింతగా ఉండేది. ఒకరోజు ఉడికీ ఉడకని బంగాళాదుంపలు కంచం నిండా తినేసింది. వదిన ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తే గానీ అవి పచ్చిగా ఉన్నాయని తెలియలేదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది గుచ్చితే పెదవి ఎలా ఉంటుందో, తాకితే మనదేనని తెలుస్తూ మనది కానట్టు, మనిషి మొత్తం అలా ఉంది.

డాక్టరు రెండు నెలలు సెలవు రాశాడు. సెలవులో ఆమె చేసిందల్లా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోవడమే.

"మీతో పాటు తీసుకెళ్లండి," అంది వదిన ఒకనాడు భర్తతో, ఆమె ముందే. "ఇంకో వారం ఇలాగే ఉంటే గోడకి పటం కట్టినట్టే."

అన్నయ్య రిటైరైన పోస్ట్‌మాన్. ముప్పై నాలుగేళ్లు సైకిలు తొక్కి ఉత్తరాలు పంచాడు, రిటైరయ్యాక కూడా సైకిలు దిగలేదు. ఏటా ఈ రోజుల్లో అయిదు రోజులు నది వెంబడి పోయి వస్తాడు. వదిన మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. నడుం నొప్పి ఇంట్లోనే దొరుకుతుంటే అంత దూరం పోయి తెచ్చుకోవడం దేనికి అంటుంది.

"ఒక్క బండి కనపడదు చెల్లాయ్," అన్నాడు అన్నయ్య. "మోటారు ఉన్నదేదీ ఆ దారిలోకి రానివ్వరు. మొదట్లోనే ఇనప దిమ్మలు పాతేశారు. నడిచేవాళ్లు, సైకిళ్లు, బాతులు. అంతే."

"సరే," అంది. ఆ రోజుల్లో ఆమె దేనికైనా సరే అనేది.

మొదటి రోజంతా పాత రైలు దారి. పట్టాలు ఎప్పుడో పీకేశారు, చదునైన మట్టి బాట మిగిలింది. ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. మధ్యాహ్నం ఒక పాత స్టేషన్లో టీ తాగారు. ప్లాట్‌ఫారం మీద బల్లలు వేసి, టికెట్ల కిటికీలోంచి రొట్టె అమ్ముతున్నారు. రెండో రోజుకి బాట నదిని కలిసింది. పూర్వం పడవల్ని గుర్రాలకి తాడు కట్టి లాగించిన గట్టు అది. రెండు సైకిళ్లు పక్కపక్కన పోయేంత వెడల్పు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క పొలాలు.

అన్నయ్య ముందు, ఆమె వెనక. ఉండి ఉండి ఆమె తల కుడివైపు పైకి లేచేది. బస్సులో అద్దం ఉండే చోటు అది. ఇక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు. మలుపు రాగానే చెయ్యి చాపి చూపించేది.

"ఎవరికే ఆ చెయ్యి? కొంగలకా?" అన్నాడు అన్నయ్య వెనక్కి తిరిగి.

"అలవాటు," అంది.

దారి బాగుంది. బాగుందని ఆమెకు తెలుస్తూనే ఉంది, ఎవరో చదివి వినిపిస్తున్నట్టు. నీళ్ల మీద ఎండ, అవతలి ఒడ్డున ఆవులు, గడ్డి కోసిన వాసన. అన్నీ చూసింది. ఏదీ లోపలికి రాలేదు. రాత్రికి అద్దెగదిలో తడి మేజోళ్లు కుర్చీ వీపు మీద ఆరేసి పడుకునేది. అన్నయ్య గురక కూడా ఇబ్బందిగా అనిపించేది కాదు.

మూడో రోజు మధ్యాహ్నం, పడవలు మెట్లు దిగినట్టు దిగడానికి కట్టిన లాకు ఒకటి వచ్చింది. మూడు నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న టీ కొట్టు రెండింటికే మూసేస్తారని అన్నయ్య తొందరపడ్డాడు. "నువ్వు నిదానంగా రా. ఈలోపు నేను పోయి రొట్టె తీసుకుంటా," అని ముందుకు పోయాడు.

ఆమె లాకు దాటి వంద గజాలు తొక్కిందో లేదో, ముందు ఒక పెద్దాయన నడుస్తూ కనిపించాడు. ఎనభై దాటి ఉంటాయి. చేతిలో కర్ర, చంకలో కాగితంలో చుట్టిన పొడుగు రొట్టె. బాట నడిమధ్య నడుస్తున్నాడు.

ఆమె బొటనవేలు బెల్లు మీదకి వెళ్లింది, అక్కడే ఆగిపోయింది. పక్కనుంచి పోవడానికి చోటుంది. బస్సులో అయితే ఇంతకన్నా ఇరుకులో వందసార్లు దూరింది. కాళ్లు నేల మీదకి దిగాయి. సైకిలు దిగి, హ్యాండిలు పట్టుకుని, ఆయన వెనక నడవడం మొదలుపెట్టింది.

ఆయన కోటు వీపు మీద కుట్టు ఊడితే ఎవరో వేరే రంగు దారంతో వేశారు. ముదురు నీలం కోటు, గోధుమ రంగు దారం. ఆమె ఆ కుట్టునే చూస్తూ నడిచింది. ఆయన పడవని చూడటానికి ఆగితే ఆమె ఆగింది. ఆయన కదిలితే కదిలింది. అలా రెండు కిలోమీటర్లు.

చివరికి ఒక పెంకుటింటి గేటు దగ్గర గడియ తియ్యబోతూ ఆయన ఇటు తిరిగాడు.

"ఎంతసేపటి నుంచి ఉన్నావమ్మా నా వెనక?"

"లాకు దగ్గర నుంచండీ."

"అంత దూరం నుంచా? బెల్లు లేదా?"

"ఉందండీ."

"పనిచెయ్యదా?"

"చేస్తుందండీ."

ఆయన వంగి బెల్లు వైపు చూశాడు. "కొట్టినా లాభం లేదులే. ఎదురుగా ఉండి మాట్లాడితేనే నాకు వినపడేది," అన్నాడు, ఆమెకి ఏదో సాకు వెతికి పెడుతున్నట్టు. "రా, నీళ్లు తాగు."

పంపు దగ్గర రేకు గ్లాసుతో ఇచ్చిన నీళ్లు తాగి, ఆమె గ్లాసు తిరిగి ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

"నేను బస్సు డ్రైవర్నండీ. నెల కిందట మీ వయసాయనొకరు నా బస్సు కింద పడ్డారు."

"పోయాడా?"

"అక్కడికక్కడే."

"పేరేంటి?"

కాగితాల్లో చూసిన పేరు. పైకి అనడం అదే మొదటిసారి. ఆమె చెప్పింది. పెద్దాయన ఆ పేరుని పెదవుల మీద ఒకసారి అనుకుని, తల అడ్డంగా ఊపాడు. "నాకు తెలిసినాయన కాదు. నీ తప్పా?"

"కాదన్నారు."

"నువ్వేమంటావు?"

"నాకేమీ అనిపించట్లేదండీ. రోజూ చూస్తున్నా, ఏమైనా అనిపిస్తుందేమోనని."

ఆయన రొట్టెని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "మా ఆవిడ పోయినప్పుడు నేను వారం రోజులు బూట్లకి పాలిష్ చేశాను. ఇంట్లో ఉన్నవన్నీ. ఆవిడవి కూడా."

"తర్వాత?"

"పాలిష్ అయిపోయింది."

అప్పుడే అన్నయ్య ఎదురు దిక్కు నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. చొక్కా తడిసి వీపుకి అతుక్కుంది.

"ఎక్కడాగిపోయావే? గంట నుంచి చూస్తున్నా. నదిలోకి రెండుచోట్ల తొంగి చూశాను, తెలుసా?"

ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి మాటలో ఈసారి వేళాకోళం లేదు. తన గురించి అతను ఏం భయపడ్డాడో ఆమెకి అప్పుడు అర్థమైంది. "తప్పయింది అన్నయ్యా," అంది. పెద్దాయన ఇద్దరినీ చూసి, రొట్టెలో సగం విరిచి అన్నయ్య చేతిలో పెట్టాడు. అతను చేరేసరికే టీ కొట్టు మూసేశారు మరి.

మిగిలిన రెండు రోజులూ అన్నయ్య ఆమెనే ముందు పొమ్మన్నాడు.

పొడిగించిన సెలవు కూడా అయిపోయి, ఆకులు రాలే రోజులకి ఆమె డిపోకి వెళ్లి, బస్సు నడుపుతానని చెప్పింది. మార్కెట్టు వైపు వెళ్లని రూటు ఇచ్చారు. నాలుగు రోజులు ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చున్నాడు. అయిదో రోజు మధ్యాహ్నం ఒక్కతే. రెండో స్టాపులో ముందు తలుపు నుంచి అన్నయ్య ఎక్కాడు, శుభ్రంగా గెడ్డం గీసుకుని, ఖాళీ సంచి ఒకటి పట్టుకుని.

"ఎక్కడికి?" అంది ఆమె.

"చివరి స్టాపుకి."

"అక్కడేం పని?"

"తిరిగి రావడమే."

వెనక ఎక్కుతున్నవాళ్లు నవ్వారు. అతను ముందు సీట్లో కూర్చుని, దారి పొడుగునా కిటికీలోంచి చూశాడు. రెండు చోట్ల మనుషులు అడ్డంగా రోడ్డు దాటారు. రెండుసార్లూ ఆమె ఆపింది, వాళ్లు పోయాక కదిలింది.

చివరి స్టాపులో అందరూ దిగాక హ్యాండ్‌బ్రేకు వేసింది. వేశాక చూసుకుంటే చేతులు వణుకుతున్నాయి. ఎప్పుడు మొదలైందో తెలియదు. ఒడిలో పెట్టుకున్నా ఆగలేదు. దిగి, ముందు తలుపు మెట్టు మీద కూర్చుంది. అన్నయ్య వచ్చి పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. చేతుల వైపు చూశాడు గానీ పట్టుకోలేదు.

"భయమేస్తోంది అన్నయ్యా," అంది ఆమె.

"మంచిది," అన్నాడు అతను.

తర్వాతి ట్రిప్పు నాలుగూ పదికి. నాలుగూ ఎనిమిదికి ఆమె లేచి సీట్లోకి ఎక్కింది.